సస్పెన్షన్ మందులు: అడుగున పేరుకోని సీసా కోసం

ద్రవంలో కరగని మందును మెత్తని రేణువులుగా చెదరగొట్టి తయారుచేసే ఔషధాన్ని సస్పెన్షన్ అంటారు. పాఠ్యపుస్తకాల్లో దీని పేరు అవలంబనం. పిల్లలకు పట్టే యాంటీబయాటిక్‌లు, కడుపుమంటకు తాగే యాంటాసిడ్‌లు, చర్మానికి రాసే కాలమైన్ లోషన్, తెల్లగా మసకగా కనిపించే ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ ఈ కోవలోవే. రేణువులు ఎప్పటికైనా అడుక్కి దిగుతాయి. కుదపగానే అవి మళ్లీ సమంగా కలవాలి. లేకపోతే మొదటి చెంచాలో మందు తక్కువై, చివరి చెంచాలో మోతాదు మించిపోతుంది.

పాతకాలపు ఔషధ తయారీదారులు మందును కల్వంలో మెత్తగా నూరి, తుమ్మజాతి చెట్ల బంకో ట్రాగకాంత్ జిగురో కలిపేవారు. ట్రాగకాంత్‌కు బదులుగా భారతదేశపు కరాయా జిగురు కూడా వాడకంలోకి వచ్చింది. తెలుగు అడవుల్లో గిరిజనులు సేకరించే తపసి జిగురు ఇదే. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దీన్ని వారి దగ్గర కొంటుంది. 1873లో అమెరికాలోని కనెక్టికట్‌లో చార్లెస్ హెన్రీ ఫిలిప్స్ పేటెంట్ పొందిన మిల్క్ ఆఫ్ మెగ్నీషియా ఈ తరహా మందుల్లో ప్రపంచమంతా వ్యాపించిన తొలితరం పేరు.

రేణువులు దిగే వేగానికి లెక్క అంతకుముందే, 1851లో, జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ ఇచ్చాడు. రేణువు వ్యాసం సగమైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. ద్రవం చిక్కదనం రెట్టింపైతే వేగం సగమవుతుంది. అయితే మెత్తగా నూరి చిక్కగా కలిపితే చాలదని అనుభవం చెప్పింది. విడివిడిగా, నెమ్మదిగా దిగిన సన్నని రేణువులు అడుగున ఒత్తుకుపోయి గట్టి పెళ్లగా మారేవి. ఎంత కుదిపినా అది లేచేది కాదు.

కారణం రేణువుల విద్యుదావేశంలో దొరికింది. 1941లో సోవియట్ శాస్త్రవేత్తలు డెర్యాగిన్, లాండౌ, 1948లో డచ్ శాస్త్రవేత్తలు వెర్వే, ఓవర్‌బీక్ రేణువుల మధ్య ఆకర్షణ, వికర్షణల సమతూకాన్ని వివరించారు. దాన్ని మందు సీసాకు అన్వయించిన వారిలో హెయిన్స్, మార్టిన్ ముఖ్యులు. 1961 నాటి వారి పరిశోధనలో బిస్మత్ సబ్‌నైట్రేట్ రేణువులకు ధనావేశం ఉండేది. పొటాషియం ఫాస్ఫేట్ కొద్దికొద్దిగా చేర్చితే ఆ ఆవేశం తగ్గి, రేణువులు దూదిపింజల్లా వదులుగా గుమికూడాయి. అవి త్వరగా దిగినా పెళ్ల కట్టలేదు. ఫాస్ఫేట్ మరీ ఎక్కువైతే రుణావేశం ఏర్పడి పెళ్ల మళ్లీ వచ్చింది. ఇలా తగుమాత్రంగా గుంపులు కట్టించడమే ఫ్లాక్యులేషన్. ఆ గుంపులు మరీ వేగంగా జారకుండా సెల్యులోజ్ ఉత్పన్నాలు, బెంటొనైట్ మట్టి, జాంథన్ జిగురు వంటివి కలుపుతారు.

స్ఫటికం తీరు కూడా కీలకమే. క్లోరాంఫెనికాల్ చేదు. దాని పామిటేట్ రూపం నీటిలో కరగదు కనుక చేదు తెలియదు, పిల్లల సస్పెన్షన్‌కు అనువైంది. కానీ అది ఒకటికి మించిన స్ఫటిక రూపాల్లో ఉంటుంది. వాటిలో 'ఎ' రూపం ఒంటికి సరిగా పట్టదని 1967 నాటి అధ్యయనం తేల్చింది.

అమాక్సిసిలిన్‌ది మరో చిక్కు. తడిలో అది క్రమంగా విచ్ఛిన్నమవుతుంది. అందుకే పొడిగా అమ్ముతారు, ఇంట్లో కాచి చల్లార్చిన నీటితో గీత వరకు కలిపి, లేబుల్‌పై చెప్పిన రోజుల్లోగా వాడాలి.

అల్యూమినియం లవణాలున్న టీకాలూ సస్పెన్షన్లే. గడ్డకడితే వాటి రేణువులు ముద్దలై, కరిగాక వేగంగా దిగిపోతాయి. అనుమానం వచ్చిన సీసాను, కావాలని గడ్డకట్టించి కరిగించిన అదే టీకా సీసాను కలిపి కుదిపి, పక్కపక్కన నిలబెడతారు. రెండూ ఒకే వేగంతో అడుక్కి దిగితే ఆ టీకాను పక్కన పెట్టేస్తారు.