గురక అనుకుంటాం.. ఊపిరి ఆగిపోతుంటుంది

ట్రమడాల్, మార్ఫిన్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, హెరాయిన్.. ఇవన్నీ ఓపియాయిడ్లే. కొన్ని డాక్టర్ చీటీతోనే ఇంటికొస్తాయి.

నాడీకణాలపై వీటికి సరిపోయే రిసెప్టర్లు ఉంటాయి. మందు వెళ్లి అక్కడ అతుక్కోగానే కణంలోంచి పొటాషియం బయటికి పోతుంది, కాల్షియం లోపలికి రావడం తగ్గుతుంది. కణం మొద్దుబారుతుంది. నొప్పి తెలియకపోవడానికి కారణం అదే. చిక్కేమిటంటే, శ్వాసను నడిపించే మెదడు కాండంలోనూ ఇవే రిసెప్టర్లున్నాయి. డోసు మించితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతున్నా ఆ కణాలు సరిగా స్పందించవు. అందుకే మనిషి గిలగిలా కొట్టుకోడు, నిద్రపోతున్నట్టే ఉంటాడు. మెదడు కణాల్లో శక్తి నిల్వ దాదాపు ఉండదు. ఊపిరి పూర్తిగా ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే అవి దెబ్బతినడం మొదలవుతుంది.

ఇంట్లోవాళ్లేమో పరువు పోతుందని "పడుకోనివ్వండి, పొద్దున లేస్తాడులే" అంటారు. అసలు ప్రమాదం అక్కడే. గరగరమనే గురక, నీలంగా మారిన పెదవులు, సూదిమొనంత కంటిపాపలు, గిచ్చినా లేవకపోవడం.. ఇవి కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఊపిరి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఆగితే నోటితో ఊదాలి. నీళ్లు, నిమ్మరసం తాగించొద్దు.

ఆస్పత్రిలో ఇచ్చే నలోక్సోన్ ఆ మందును రిసెప్టర్ల నుంచి తోసేస్తుంది. దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే. లేచి కూర్చున్నాడు కదా అని వెంటనే ఇంటికి తెచ్చేయకూడదు, ఊపిరి మళ్లీ మందగించొచ్చు.

మధ్యలో మానేసినవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. రంజాన్ నెలంతా మానితే శరీరానికి అలవాటు తప్పుతుంది. పండగ తర్వాత వేసుకున్న పాత డోసే ప్రాణం తీయొచ్చు.