పుదుచ్చేరిలో విశ్వవిద్యాలయం – ప్రజలు

బోధన, పరిశోధన అనే రెండింటితోనే విశ్వవిద్యాలయపు బాధ్యత తీరిపోతుందన్న అభిప్రాయం మన దేశంలో చాలాకాలం ప్రబలంగా ఉండేది. 1969లో గాంధీజీ శతజయంతి సందర్భంగా ప్రారంభమైన జాతీయ సేవా పథకం విద్యార్థులను పల్లెల వైపు నడిపించింది. 1977లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఒక విధాన ప్రకటన ద్వారా విస్తరణను, అనగా విద్యాసంస్థ తన విజ్ఞానంతో సమాజంలోనికి వెళ్లి పనిచేయడాన్ని, బోధన పరిశోధనలతో సమాన స్థాయి గల మూడవ బాధ్యతగా గుర్తించింది. అయితే విస్తరణ అంటే విద్యావంతులు చెప్పడం, ప్రజలు వినడం మాత్రమేనా? పుదుచ్చేరి పట్టణ చరిత్రలో ఈ ప్రశ్నకు ఆలోచింపదగిన సమాధానం ఉన్నది.

ఈ పట్టణంలో ఉన్నత విద్యకు వైద్యమే పునాది వేసింది. ఫ్రెంచి పాలనలో 1823లో ఇక్కడ వైద్య పాఠశాల వెలసింది. 1954 నవంబరు 1న పాలన భారతదేశానికి బదిలీ అయిన పిమ్మట, 1956లో ధన్వంతరి వైద్య కళాశాల ఏర్పడింది. అదే 1964లో జవహర్‌లాల్ స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధన సంస్థగా, ప్రజల నోట ‘జిప్‌మర్’గా, రూపొందింది. 1985లో పార్లమెంటు చట్టం ద్వారా పాండిచ్చేరి విశ్వవిద్యాలయం అవతరించింది. పట్టణానికి ఉత్తరాన సముద్రతీరంలోని కాలాపేటలో దాని ప్రాంగణం ఉన్నది. 2008లో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా హోదా పొందేవరకు జిప్‌మర్ ఈ విశ్వవిద్యాలయానికి అనుబంధంగానే కొనసాగింది.

జిప్‌మర్ తన విద్యను ఆస్పత్రి గోడలకు పరిమితం చేయలేదు. తీరాన గల కురుసుకుప్పంలో పట్టణ ఆరోగ్య కేంద్రాన్ని, రామనాథపురంలో గ్రామీణ ఆరోగ్య కేంద్రాన్ని నెలకొల్పింది. వైద్య విద్యార్థి ఇక్కడ రోగిని మంచం మీద కాక ఇంటిలో చూస్తాడు. తాగునీరు, మురుగు, వంటిల్లు, సంపాదన, వీటన్నిటి నడుమ వ్యాధి ఎట్లా పుడుతుందో గ్రహిస్తాడు. చికిత్స పొందేది ప్రజలే అయినా, పాఠం నేర్పేది కూడా వారే.

బోదకాలు నిర్మూలనకై జరిగిన కృషి ఈ సంబంధానికి మరొక నిదర్శనం. భారత వైద్య పరిశోధన మండలి 1975లో ఈ పట్టణంలో దోమలు మొదలైన వ్యాధివాహక కీటకాల నియంత్రణకై పరిశోధన కేంద్రాన్ని స్థాపించింది. అనంతర కాలంలో విశ్వవిద్యాలయంతో అనుబంధం ఏర్పడి, అక్కడ వైద్య కీటకశాస్త్రంలో స్నాతకోత్తర విద్య కూడా మొదలైంది. 1981 నుండి 1985 వరకు ఆ కేంద్రం పుదుచ్చేరిలో సమగ్ర దోమల నియంత్రణ కార్యక్రమాన్ని నడిపింది. బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ మురికి నీటిలో పెరుగుతుంది. అందుచేత మందు చల్లడం ఒక్కటే చాలదు. కాలువలో నీరు నిలువకుండా చూడాలి, గుంటలు పూడ్చాలి. శాస్త్రవేత్త కారణాన్ని చెప్పగలడు గాని, ప్రతి పెరటిలోని గుంటను ప్రతి వారం చూడగలిగినది ఆ ఇంటివారే. ఒకసారి చేసి ముగించే పని కాదిది. అధికారిక కార్యక్రమానికి గడువుంటుంది; దోమకు గడువు లేదు.

వైద్యం వెలుపల కూడా ఇట్టి యత్నాలు సాగాయి. 1995లో విశ్వవిద్యాలయం పట్టణంలోని లాస్‌పేటలో సామాజిక కళాశాలను ఆరంభించింది. దేశంలో ఈ తరహా తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. స్థానికంగా ఉపాధి దొరికే విద్యను స్థానిక యువతకు అందుబాటులో ఉంచడమే దీని ఆశయం.

అదే 1995లో, వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో నడుపుకొనే అవకాశం లభించింది. ఆ విధంగా 2009లో విశ్వవిద్యాలయ ప్రాంగణం నుండి 107.8 మెగాహెర్ట్‌జ్‌పై ‘పుదువై వాణి’ వినిపించసాగింది. అంతకు కొద్దికాలం ముందే, 2008 అక్టోబరులో, నాటి మెదక్ జిల్లా మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు ‘సంఘం రేడియో’ను ప్రారంభించారు. మొదటిదానికి విద్యాసంస్థ ఆధారం. రెండవదానిలో యంత్రం, స్వరం, నిర్ణయం మూడూ గ్రామీణ మహిళలవే. ఈ భేదం గమనింపదగినది. విశ్వవిద్యాలయం వద్ద పరికరాలు, నిపుణులు ఉంటారు. ఏ విషయం చెప్పుకోవాలో, ఏ మాటలో చెప్పుకోవాలో ప్రజలకే తెలుసు. ఈ రెండూ కలిసినప్పుడే భాగస్వామ్యమన్న మాట సార్థకమవుతుంది.

తెలుగువారికి ఈ విషయంలో ప్రత్యేకమైన ఆసక్తి ఉండాలి. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో గోదావరి తీరాన గల యానాం కూడా భాగమే; విశ్వవిద్యాలయ పరిధి అక్కడికీ విస్తరించింది. కాని సామాజిక రేడియో ధ్వని కొద్ది కిలోమీటర్లు దాటి పోదు. కాలాపేటలో పలికిన తమిళపు మాట యానాంలోని తెలుగు ఇంటికి చేరదు. చేరినా ఆ ఇంటి అవసరం వేరు. కనుక ఒకచోట ఫలించిన కార్యక్రమాన్ని యథాతథంగా మరొకచోట నాటడం కంటె, ప్రతి ఊరి భాషలో, ఆ ఊరివారి చేతుల మీదుగా కొత్తగా పెంచుకోవడమే మేలు.

రెండు శతాబ్దాల పుదుచ్చేరి అనుభవం బోధిస్తున్నది ఇదే. విద్యాసంస్థ ఇచ్చినది ప్రజల దినచర్యలో కలిసినంత మేరకే నిలుస్తుంది. ప్రారంభోత్సవం నాడు ఎందరు వచ్చారన్నది కాక, నిపుణులు వెళ్లిపోయిన మరునాడు ఆ పనిని ఎవరు చేపట్టారన్నదే విస్తరణకు నిజమైన కొలమానం.