అంకెల్లో దాగిన వెలుగు

యూనికోడుకు పూర్వం తెలుగు పత్రికలను జాలంలో చదివిన మిత్రులకు ఒక అనుభవం గుర్తుండే ఉంటుంది. ఒక్కో పత్రికకు ఒక్కో ఖతి. ఆ ఖతి మన కంప్యూటరులో లేకపోతే తెర నిండా అర్థంలేని గుర్తులే. దస్త్రంలో లోపమేమీ లేదు. ఏ సంఖ్య ఏ అక్షరమన్న ఒప్పందమే మనకు అందలేదు. నేటి హెచ్‌డీఆర్ వీడియోలు కొన్ని టీవీలలో వెలిసిన బట్టలా కనిపించడానికీ ఇదే కారణం. అక్కడ సంఖ్యలు సూచించేది వెలుగును.

ఆ ఒప్పందం మొదట పుట్టింది పిక్చర్ ట్యూబు స్వభావం నుంచి. ట్యూబుకు అందే వోల్టేజి రెట్టింపైతే వెలుగు ఐదు రెట్లు దాటేది. అందుకని కెమెరా వైపే చీకటి భాగాలను పెంచి పంపేవారు. ట్యూబు వాటిని తిరిగి అణచేది. హెచ్‌డీ ప్రసారాల కోసం 1990లో వచ్చిన బీటీ.709 ప్రమాణం కెమెరా వైపు సూత్రాన్ని స్థిరపరచింది. టీవీ వైపు సూత్రమైన బీటీ.1886 మాత్రం 2011లో గాని రాలేదు. అప్పటికి ట్యూబుల కాలమే ముగుస్తోంది! స్టూడియో తెరపై తెలుపంటే సుమారు 100 నిట్‌లన్న అలవాటు మాత్రం మిగిలింది.

డాల్బీ సంస్థ పరిశోధకులు ట్యూబును విడిచి కంటిని ప్రమాణంగా తీసుకున్నారు. ఏ వెలుగు దగ్గర ఎంత తేడాను కన్ను పసిగట్టగలదో లెక్కించి, 10,000 నిట్‌ల దాకా ప్రతి సంఖ్యకూ ఒక నిర్దిష్టమైన వెలుగును కేటాయించారు. 2014లో ప్రమాణంగా వెలువడిన ఈ పద్ధతి పేరు పీక్యూ. ఇందులో 100 నిట్‌లు దాదాపు సగం దగ్గరే వస్తాయి. 1,000 నిట్‌లు ముప్పాతిక దగ్గర. పాత టీవీలున్న ప్రేక్షకులను వదులుకోలేని బీబీసీ, ఎన్‌హెచ్‌కే సంస్థలు హెచ్‌ఎల్‌జీ అనే మరో దారి వేశాయి. దాని కింది సగం పాత పద్ధతికి దగ్గరగా నడుస్తుంది. పై సగం సంవర్గమాన రేఖ. 2016లో బీటీ.2100 ఈ రెంటినీ ఆమోదించింది.

ఇక మార్పిడి సంగతి. పీక్యూ దస్త్రాన్ని పాత టీవీకి ఉన్నదున్నట్టు ఇస్తే, 100 నిట్‌ల తెల్లచొక్కా సగం సంఖ్య దగ్గర ఉంటుంది గనుక, ఆ టీవీ చూపగల వెలుగులో ఐదో వంతుకు పడిపోతుంది. సరైన పద్ధతి ఒకటే: ముందు సంఖ్యలను వెలుగుగా విప్పాలి, ఆ వెలుగును, రంగులను టీవీ శక్తికి సర్దాలి, తర్వాతే తిరిగి సంఖ్యలుగా మార్చాలి. ఆ సర్దుబాటులోనే చిక్కు. ఎక్కువ వెలుగును కోసేస్తే మబ్బులు తెల్లని మరకలవుతాయి. అంతటినీ సమంగా తగ్గిస్తే ముఖాలు చీకటిలో మునుగుతాయి. ఇక్కడ లెక్కతో పాటు వివేచనా కావాలి.

టీవీకి హెచ్‌డీఆర్ తెలిసినదైతే మాత్రం వెలుగు జోలికి పోవద్దు. దస్త్రం రూపం మార్చినా 10 బిట్లను, ఏ పద్ధతో చెప్పే ముద్రలను కాపాడితే చాలు. 8 బిట్లకు కుదిస్తే సాయంకాలపు ఆకాశంలో చారలు తేలతాయి.

ఆ పాత ఖతుల పేజీలను పద్మ వంటి పనిముట్లు యూనికోడులోకి మార్చగలిగాయి; మూల సంఖ్యలు చెక్కుచెదరలేదు గనుక. కోసేసిన మబ్బులను తిరిగి తెచ్చే పద్మ ఏదీ లేదు. కాబట్టి ఎంత బాగా మార్చినా, మూల దస్త్రాన్ని మాత్రం చెరిపివేయకండి.