జాగ ఎక్కడిస్తారు?

అమెరికాలో నల్లవారి వెనకబాటుకు కారణం అడిగితే మన దగ్గర చాలామంది బానిసత్వం అంటారు. అది 1865లోనే రద్దయింది. ఆ తర్వాతా వాళ్లను లేవనీయని వాటిలో ఇంటి జాగది పెద్ద పాలు. 1930లలో ఫెడరల్ ప్రభుత్వం ఇంటి రుణాలకు సాయపడటం మొదలుపెట్టినప్పుడు, దాని సంస్థ ఒకటి నగరాల పటాలు గీయించి నల్లవారి పేటలకు ఎర్రరంగు వేయించింది. 1934లో పుట్టిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ అలాంటి పేటల్లో రుణాలకు పూచీ పడలేదు, తెల్లవారి కొత్త కాలనీలకు ధారాళంగా పడింది. న్యూయార్క్ దగ్గర 1947లో మొదలైన లెవిట్‌టౌన్‌లో వేల ఇళ్లు లేచాయి, నల్లవారికి ఇవ్వకూడదన్న షరతుతో. అప్పుడు చవగ్గా దొరికిన ఇల్లే తర్వాత పిల్లల కాలేజీ ఫీజు అయింది, మనవల వ్యాపారానికి పెట్టుబడి అయింది. 2022 ఫెడరల్ రిజర్వ్ సర్వేలో తెల్ల కుటుంబపు మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లు, నల్ల కుటుంబానిది 44,900. ఇంత తేడా జీతాల వల్లనే వచ్చేది కాదు.

మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, ఇళ్ల అమ్మకాల్లో, కిరాయిల్లో వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. రంగు పేరెత్తకుండానే అదే పని చేసిపెట్టే జోనింగ్ మాత్రం మిగిలింది. పెద్ద ప్లాటులో ఒకే కుటుంబపు ఇల్లు కట్టాలని పట్టణం నియమం పెడితే చాలు, పేదవాణ్ని ఎవరూ పొమ్మనక్కర్లేదు. నేనుంటున్న న్యూజెర్సీలో మౌంట్ లారెల్ సంగతి ఇదే. అక్కడ తరతరాలుగా ఉన్న నల్ల కుటుంబాల్లో కొన్ని కోళ్ల షెడ్లను ఇళ్లుగా మార్చుకుని బతికేవి. 36 అపార్టుమెంట్లు కట్టుకుంటామంటే పట్టణం ఒప్పుకోలేదు. స్తోమత లేనివాళ్లు ఊరు విడవాల్సిందేనని 1970లో మేయరే తేల్చేశాడు. ఆ కుటుంబాల్లోని ఎథెల్ లారెన్స్ అనే మహిళ ముందు నిలబడగా 1971లో దావా పడింది. ఎదుగుతున్న ప్రతి పట్టణమూ తన ప్రాంతపు పేదల ఇళ్లలో న్యాయమైన వాటాకు చోటివ్వాలని 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఎవరూ కదలకపోతే 1983లో మరింత గట్టిగా చెప్పింది. 1985 చట్టం ఒక దొడ్డిదారి తెరిచింది: డబ్బు కట్టి తమ వాటాలో సగం దాకా మరో పట్టణానికి బదలాయించవచ్చు. అది 2008 దాకా మూతపడలేదు. మౌంట్ లారెల్‌లో ఇళ్లు లేచేసరికి 2000 వచ్చింది. ఎథెల్ 1994లోనే పోయింది. 140 ఇళ్ల ఆ కాలనీకి ఆమె పేరు పెట్టారు.

ఇలాంటి ఇళ్లొస్తే మన ఇంటి ధర పడిపోతుంది, నేరాలు, పన్నులు పెరుగుతాయన్నది పాత అభ్యంతరం. ఇక్కడి తెలుగువాళ్లూ అంటారు. కష్టార్జితమంతా ఇంట్లో పోసినవాడికి ఆ భయం ఉండటంలో తప్పులేదు. ప్రిన్స్‌టన్ సమాజశాస్త్రవేత్త డగ్లస్ మాసీ బృందం ఈ భయాన్నే మౌంట్ లారెల్‌లో పరిశోధించి 2013లో పుస్తకం వేసింది. చుట్టుపక్కల పట్టణాలతో పోల్చితే ధరల్లో, నేరాల్లో, పన్నుల్లో ఆ కాలనీ వల్ల తేడా ఏమీ రాలేదు. దరఖాస్తు పెట్టి ఇంకా ఇల్లు రానివారి కంటే వచ్చినవారికి పని బాగా దొరికింది, పిల్లలకు మెరుగైన బడులు అందాయి. ఒక్క పట్టణంతో అన్నీ తేలవు, నిజమే. కానీ ముప్పై ఏళ్లు కట్టడాన్ని ఆపింది వట్టి అనుమానం.

మనం రెండు సూట్‌కేసులతో వచ్చి ఇళ్లు కొనలేదా అని ఇంకొందరు అడుగుతారు. 1965 వలస చట్టం మనలో చదువుకున్నవారిని ఏరి తెచ్చుకుంది. అంతకుముందు, భారతీయుడు తెల్లవాడు కాడు, పౌరసత్వానికి పనికిరాడని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో తీర్పిచ్చిన దేశమే ఇది. నల్లవారు పోరాడి సాధించిన 1968 చట్టం నీడలోనే న్యూజెర్సీ ఎడిసన్‌లో తెలుగువాడు గృహప్రవేశం చేసుకున్నాడు.

ఇక మన తెలంగాణకొస్తే, సిమెంటు ఫ్యాక్టరీలున్న మేళ్లచెరువులో సిమెంటుకు కొదవలేదు. ఇంటి విలువను తేల్చేది మాత్రం జాగ. ఊరొకచోట, వాడొకచోట అన్న గీత మన పల్లెల్లో ఇంకా చెరగలేదు. ఇందిరమ్మ ఇళ్ల 5 లక్షల సాయంలో తొలి ప్రాధాన్యం సొంత జాగ ఉన్నవారికి. ఆ జాగ వాడలో ఉంటే కొత్త ఇల్లూ వాడలోనే లేస్తుంది. సర్కారు పైసలతో వచ్చే ఇల్లు ఎక్కడైతేనేం అనేవారికి మౌంట్ లారెలే జవాబు. గ్రామసభలో లబ్ధిదారుల పేర్లు చదివాక ఎవరైనా లేచి అడగండి: జాగ ఎక్కడ, బడి ఎంత దూరం, బస్సు ఆగుతుందా?