బాక్స్‌పై ఉన్నంత గాలి ఫ్యాన్ ఎందుకు ఇవ్వదు? తయారీకి ముందే కంప్యూటర్‌లో ఇలా లెక్క తేల్చేస్తారు!

కంప్యూటర్ కూలింగ్ ఫ్యాన్ కొంటే బాక్స్‌పై సీఎఫ్ఎం అని ఓ నంబర్ ఉంటుంది. నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి తోస్తుందో చెప్పే లెక్క ఇది. ప్రాజెక్టుల్లో నీటికి క్యూసెక్కులు ఎలాగో, ఫ్యాన్ గాలికి సీఎఫ్ఎం అలాగన్నమాట. చాలామంది ఈ నంబర్ చూసే ఫ్యాన్ కొంటారు. కానీ అది ముందూ వెనకా ఏ అడ్డూ లేకుండా తిప్పినప్పుడు వచ్చే గాలి. కేబినెట్‌లో బిగించాక అంత రాదు.

కారణం సింపుల్. లోపల జాలీ, దుమ్ము ఫిల్టర్, వైర్లు, హీట్‌సింక్ రేకులు.. అన్నీ గాలికి అడ్డమే. గాలి రెట్టింపు కావాలంటే దాదాపు నాలుగు రెట్లు ప్రెజర్ కావాలి. ఫ్యాన్ సంగతి చూస్తే, ఎదురు ప్రెజర్ పెరిగేకొద్దీ అది తోసే గాలి తగ్గిపోతుంది. ఈ రెండు గీతలనూ ఒకే గ్రాఫ్‌పై గీస్తే, అవి కలిసే చోటే అసలు గాలి ఎంతో తెలుస్తుంది. దీన్నే ఆపరేటింగ్ పాయింట్ అంటారు. అందుకే హీట్‌సింక్‌కు బిగించే ఫ్యాన్‌కు సీఎఫ్ఎం ఒక్కటే కాదు, స్టాటిక్ ప్రెజర్ కూడా చూడాలి.

మరి ఎంత గాలి కావాలి? 100 వాట్ల వేడిని బయటకు పంపాలి, గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదు అనుకుంటే దాదాపు 18 సీఎఫ్ఎం అవసరం. అయితే ఆ గాలి వేడి చిప్ మీదుగానే వెళ్లాలిగా! పక్కన ఖాళీ దొరికితే అటే జారిపోతుంది. సిమ్యులేషన్ అవసరం పడేది ఇక్కడే.

కంప్యుటేషనల్ ఫ్లూయిడ్ డైనమిక్స్.. షార్ట్‌గా సీఎఫ్‌డీ. పరికరం లోపలి ఖాళీని లక్షల చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో గాలి వేగం, ప్రెజర్, వేడి ఎంతో సాఫ్ట్‌వేర్ లెక్కిస్తుంది. ఫ్యాన్‌ను రెండు రకాలుగా చూపించొచ్చు. ఒకటి, రెక్కలు గీయకుండా పల్చని బిళ్లలా పెట్టి కంపెనీ ఇచ్చిన గ్రాఫ్‌ను దానికి తగిలించడం. పని త్వరగా అయిపోతుంది కానీ రెక్కల వెనక గాలి తిరిగే సుడిని విడిగా ఇవ్వకపోతే ఫలితం తేడా కొడుతుంది. రెండోది, రెక్కలన్నీ గీసి నిజంగానే తిప్పడం. ఫలితం బాగుంటుంది కానీ టైమ్ చాలా ఎక్కువ తీసుకుంటుంది.

సర్వర్ల విషయంలో ఇంకో టెస్ట్ తప్పనిసరిగా చేయాల్సిందే. వరుసగా ఉన్న ఫ్యాన్లలో ఒకదాన్ని సిమ్యులేషన్‌లో ఆపేస్తారు. అప్పుడు మిగతా ఫ్యాన్లు తోసిన వేడి గాలి, ఆగిపోయిన ఫ్యాన్ సందులోంచి వెనక్కి వచ్చేస్తుంది. పోయింది ఒక్క ఫ్యానే అయినా నష్టం అంతకంటే ఎక్కువే!

స్పీడ్ పెంచేస్తే సరిపోదా అంటే, ఖర్చు ఎక్కువ. స్పీడ్ 20 శాతం తగ్గిస్తే గాలి దాదాపు 20 శాతమే తగ్గుతుంది, ఫ్యాన్ వాడే కరెంటు మాత్రం సగానికి పడిపోతుంది. పెంచితే ఇదంతా రివర్స్. పైగా సౌండ్!

ఇక మన ఎండల సంగతి. ఫ్యాన్ ఎంత తిరిగినా, లోపలికి వచ్చే గాలి కంటే చిప్‌ను చల్లబరచలేదు. గదిలో 25 డిగ్రీలున్నప్పుడు 75 దగ్గర నడిచే చిప్, అదే పనికి, అదే స్పీడ్‌లో గది 40కి చేరితే దాదాపు 90కి వెళ్తుంది. కాబట్టి రామగుండం లాంటి చోట వాడే పరికరానికి 25 డిగ్రీల గాలితో సిమ్యులేషన్ చేస్తే కుదరదు. దుమ్ము పట్టిన ఫిల్టర్‌నూ లెక్కలోకి తీసుకోవాలి, లేదంటే స్క్రీన్‌పై చల్లగా కనిపించిన డిజైన్ ఇంట్లో వేడెక్కుతుంది. అందుకే చివర్లో శాంపిల్ తయారుచేసి, సెన్సర్లు అతికించి వేడిని కొలిచాకే డిజైన్ ఓకే చేస్తారు.