పాత సర్వే నంబరు తెలిస్తేనే దొరికే పరిశోధన

ఎర్రమంచి పొలిమేరలో ఇప్పుడు కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరు వెళ్లే బస్సులో కూర్చున్నా కనిపిస్తుంది. 2019లో కార్ల తయారీ మొదలైంది. ఏడాదికి 3 లక్షల కార్లు చేసే సత్తాతో మొదలైన ఫ్యాక్టరీ అది. దాంతో పెనుకొండ మండలంలోని ఒక పల్లె పేరు దేశమంతా తెలిసింది. ఈ చుట్టుపక్కల నీళ్ల మీద, నేల మీద ఇంతకుముందు ఎవరేం పరిశోధించారో తెలుసుకుందామని ఓ ఎమ్మెస్సీ విద్యార్థి కంప్యూటర్లో ‘ఎర్రమంచి’ అని కొడితే ముందు వచ్చేవి కార్ల వార్తలే. బావి నీళ్ల ఊసు రాదు. అలాగని ఈ ప్రాంతం మీద పరిశోధనే జరగలేదనుకుంటే పొరపాటు. జరిగింది, వేరే పేరు కింద ఉంది.

ఈ చిక్కు రైతుకు కొత్త కాదు. తాత నాటి పొలం కాగితం కావాలని మండలాఫీసుకు వెళ్తే పాత సర్వే నంబరెంత, అప్పట్లో ఏ తాలూకా, పట్టా ఎవరి పేరున ఉండేది అని అడుగుతారు. అవి చెప్పగలిగితే కాగితం బయటికొస్తుంది. పరిశోధన సారాంశాల డేటాబేసులూ అలాంటివే. అవి ఎలా పుట్టాయో, ఎవరు ఏ లెక్కన రాసిపెట్టారో తెలిసినవాళ్లకే లోపల ఉన్నది చేతికొస్తుంది.

సారాంశం అన్నది పత్రికంత పాతది. 1665 జనవరిలో ప్యారిస్‌లో మొదలైన ‘జుర్నాల్ దె సావాన్’ ఐరోపాలో అచ్చయ్యే కొత్త పుస్తకాల సంగతులను క్లుప్తంగా చెప్పేది. పత్రికలు పెరిగాక వాటన్నిటినీ చదవడం ఎవరి తరమూ కాలేదు. అప్పుడు సారాంశాలను మాత్రమే అచ్చువేసే పత్రికలు వచ్చాయి. జర్మనీలో 1830లో మందుల శాస్త్రం కోసం పుట్టిన ఒక పత్రిక తర్వాత రసాయన శాస్త్రమంతటికీ పెద్ద దిక్కయింది. అమెరికాలో 1907లో ‘కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్’ మొదలై తొలి ఏడే దాదాపు 12 వేల సారాంశాలు వేసింది. వాటిని రాసినవాళ్లలో ఎక్కువమంది రసాయన శాస్త్రవేత్తలే. సొంత పని ముగించుకుని, వచ్చే స్వల్ప పైకం లెక్కచేయకుండా, ఇతరుల వ్యాసాలు చదివి నాలుగైదు వాక్యాల్లోకి దించేవారు. ఈ చాకిరీ దశాబ్దాల పాటు నడిచింది. శాస్త్ర చరిత్రలో వీళ్లకు దక్కాల్సిన పేరు దక్కలేదు.

పర్యావరణానికి మాత్రం చాలాకాలం సొంత గూడు లేదు. పురుగుమందు సంగతి రసాయనాల చిట్టాలో, దాంతో చచ్చిన పక్షి సంగతి 1926లో మొదలైన ‘బయొలాజికల్ అబ్‌స్ట్రాక్ట్స్’లో, ఆ నీళ్లు తాగిన మనిషి సంగతి వైద్యుల చిట్టాలో ఉండేవి. మూడూ ఒకే చేనులో జరిగినవేనని ఏ చిట్టా చూసినా తెలిసేది కాదు. అమెరికాలో మొదటి ధరిత్రీ దినం జరిగిన 1970లోనే ‘పొల్యూషన్ అబ్‌స్ట్రాక్ట్స్’ వచ్చింది, ఆ దశకంలోనే ‘ఎన్విరాన్‌మెంట్ అబ్‌స్ట్రాక్ట్స్’. 1972లో లాక్‌హీడ్ సంస్థ తన ‘డయలాగ్’ వ్యవస్థను బయటివాళ్లకు తెరిచింది. టెలిఫోను తీగ మీదుగా దూరాన ఉన్న కంప్యూటరును ప్రశ్న అడగొచ్చు. కాకపోతే ఎంతసేపు తగులుకుని ఉంటే అంత బిల్లు. అందుకే లైబ్రేరియన్ ముందుగా పరిశోధకుణ్ని కూర్చోబెట్టుకుని, ఏ మాటకు ఏ మాట జోడించాలో కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే లైను కలిపేవారు. తోచిన మాట కొట్టి చూసే ఈ రోజుల్లో పోయింది ఆ కాగితమే. దాన్ని మళ్లీ తెచ్చుకుంటే సగం పని అయినట్టే.

మన దేశంలో 1952లో యునెస్కో సాయంతో ఢిల్లీలో ఇన్స్‌డాక్ అనే శాస్త్ర సమాచార కేంద్రం ఏర్పడింది. 1965 నుంచి అది ‘ఇండియన్ సైన్స్ అబ్‌స్ట్రాక్ట్స్’ తెచ్చింది. 1982లో కేంద్ర పర్యావరణ శాఖ ఎన్విస్ అనే సమాచార వ్యవస్థను నెలకొల్పింది. భారతదేశంలో జరిగిన పర్యావరణ పరిశోధనల సారాంశాలతో అది ‘పర్యావరణ్ అబ్‌స్ట్రాక్ట్స్’ వెలువరించింది. హైదరాబాదులోని పర్యావరణ శిక్షణ సంస్థ ఎప్ట్రీలో పనిచేసిన ఎన్విస్ కేంద్రం తూర్పు కనుమల జీవావరణాన్ని తన విషయంగా తీసుకుంది. పటాన్‌చెరు దగ్గరి పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జొన్న, చిరుధాన్యాల సమాచారానికి ప్రత్యేక కేంద్రమే నడిచింది. ఎనభయ్యో దశకంలో అక్కడ ‘శాట్‌క్రిస్’ అనే సేవ వచ్చింది. ఎవరు ఏ పైరు మీద పనిచేస్తున్నారో చూసి, దానికి సంబంధించిన కొత్త సారాంశాలను వాళ్లకు పంపేది. వర్షాధార సేద్యం మీద పనిచేసేవాళ్లకు ఇంటర్నెట్ రాకముందు అంతకు మించిన సాయం ఏముంటుంది?

ఇక పేర్ల దగ్గరికి వద్దాం. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది.

నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి మన దేశంలో మొదటి ముఖ్యమైన వ్యాసం 1937లో ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్’లో అచ్చయింది. షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు రాశారు. వాళ్లు చూసిన మనుషులు తెలుగువాళ్లు, నెల్లూరు జిల్లా పల్లెల వాళ్లు. శీర్షికలో ఉన్న పేరు మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీ. ‘ఆంధ్రప్రదేశ్, ఫ్లోరైడ్’ అని వెతికే విద్యార్థికి ఆ వ్యాసం తగలకపోవచ్చు, ఎందుకంటే 1937 నాటికి ఆంధ్రప్రదేశ్ లేదు. ఆనాటి నెల్లూరు జిల్లాలో కొంత భాగం 1970లో ప్రకాశంలోకి పోయింది. కాగితం కదలదు, జిల్లా కదిలింది.

ఎర్రమంచి కథా ఇంతే. 1882కు ముందు ఈ నేల బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ ఏడాది అనంతపురం జిల్లా ఏర్పడింది. 1985లో మండలాలు వచ్చేదాకా లెక్కలన్నీ తాలూకాల పేరునే. 2022 ఏప్రిల్ 4 నుంచి పెనుకొండ, హిందూపురం, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. అందువల్ల ‘శ్రీ సత్యసాయి జిల్లా, భూగర్భజలం’ అని అడిగితే 2022కు ముందటి పరిశోధన చాలామటుకు రాదు. ‘అనంతపురం’ అనీ అడగాలి.

ఇంగ్లీషు స్పెల్లింగుల బాధ ఇంకొకటి. పెనుకొండను ‘కె’తో రాసినవాళ్లున్నారు, ‘జి’తో రాసినవాళ్లున్నారు. ‘జి’తో వెతికితే గోదావరి వైపు పెనుగొండ కూడా వచ్చి కలుస్తుంది. ఎర్రమంచిని ‘ఇ’తో చూడాలి, ‘వై’తోనూ చూడాలి. నదిని మనం పెన్నా అంటే పాత కాగితాలు పెన్నార్ అంటాయి. అనంతపురానికి చివర ‘ము’ ఉన్న రూపం, లేని రూపం రెండూ ఉన్నాయి. ఈ రూపాలన్నిటినీ ‘ఆర్’ అనే మాటతో కలిపి, బ్రాకెట్లో పెట్టి, ఫ్లోరైడ్‌ను ‘ఆండ్’తో తగిలిస్తే, చిట్టా ఒక్కసారిగా నోరు విప్పుతుంది.

పంటల మాటా చూడండి. ఇక్కడి రైతు బుడ్డలంటాడు, చెనిక్కాయంటాడు. మన శాస్త్రవేత్త గ్రౌండ్‌నట్ అని రాస్తాడు. అమెరికా వాళ్లు పీనట్ అంటారు. అన్నిటికీ కలిపి ఒకే పేరు కావాలంటే వృక్షశాస్త్ర నామం ‘అరాకిస్ హైపోజియా’ కొట్టాలి. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన వేరుశనగ రకాల్లో ఒకదాని పేరు ‘కదిరి లేపాక్షి’. ‘లేపాక్షి’ అని మాత్రమే అడిగితే హిందూపురం దగ్గరి గుడి కుడ్యచిత్రాల మీద వ్యాసాలూ, ఈ గింజల మీద వ్యాసాలూ కలిసి వస్తాయి. ఇలాంటి తికమక తీర్చడానికే పర్యాయపదాలను ఒకే తాటి మీదికి తెచ్చే పదకోశాలు పుట్టాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తయారుచేసిన ‘అగ్రోవాక్’లో తెలుగు మాటలు కూడా చేరాయి. ఆ పని ఇంకా ఎంతో పెరగాలి.

మాటలు సిద్ధమయ్యాక వెతికే చోటు చూసుకోవాలి. 2004 నవంబరులో పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే స్కోపస్, గూగుల్ స్కాలర్ రెండూ వచ్చాయి. స్కోపస్ పత్రికలను ఏరి తీసుకుంటుంది. గూగుల్ స్కాలర్ ఇంటర్నెట్‌లో తగిలిన పాండిత్య రచనలను యంత్రంతో పోగేస్తుంది. మొదటిదాంట్లో చెత్త తక్కువ, కానీ మన జిల్లా సంగతులూ తక్కువే. అందుకే మూడో చోటు మరువకూడదు. మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలను ఉంచే శోధ్‌గంగ అది. ఊరూ వాగూ పేర్లతో సహా బావుల పట్టికలు ఇలాంటి గ్రంథాల అనుబంధాల్లోనే ఎక్కువగా ఉంటాయి. కేంద్ర భూగర్భజల మండలి జిల్లా నివేదికలను విడిగా చూసుకోవాలి.

సారాంశం చదివి వ్యాసం చదివినట్టు అనుకోవడం మరో ప్రమాదం. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. కొన్ని నమూనాలు హద్దు దాటాయని సారాంశం చెబుతుంది. ఏ ఊరి బోరు, ఎన్ని అడుగుల లోతు, వేసవిలో తీసిన నీళ్లా వానల తర్వాత తీసినవా అన్నది లోపలి పట్టికలో ఉంటుంది. బిందె పట్టుకుని నిలబడ్డ మనిషికి కావలసింది ఆ పట్టికే. ఇన్నాళ్లూ దానికి చందా గోడ అడ్డం ఉండేది. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద 30 ప్రచురణ సంస్థల 13 వేల దాకా పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు తెరిచే ఏర్పాటు జరిగింది. కాలేజీ లైబ్రరీలో ఆ దారి ఉందో లేదో విద్యార్థులు అడిగి తెలుసుకోవాలి.

ఈ ప్రాంతం మీద పనిచేస్తున్న పరిశోధకులకు ఒక విన్నపం. సారాంశం రాసేటప్పుడు ‘దక్షిణ భారతంలోని ఒక పాక్షిక శుష్క ప్రాంతం’ అని సరిపెట్టకండి. ఊరి పేరు రాయండి. మండలం, పాత జిల్లా, కొత్త జిల్లా, నది పేరు రాయండి. అన్నీ కలిపినా ఒక్క వాక్యమే అవుతుంది. ఆ వాక్యం ఉంటే, రేపు ఎర్రమంచి అని కొట్టిన పిల్లకు కార్లతో పాటు నీళ్ల సంగతీ దొరుకుతుంది.