తొలకరికీ కడవరికీ నడుమ

జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరినైనా ఆపి "సంఘానికి పోతున్నవా అమ్మా?" అని అడిగి చూడండి. ఏ సంఘమో తేల్చుకోవడానికి ఆమెకు ఒక్క క్షణం పడుతుంది. ఆదివారం పొద్దునైతే చర్చి. వారంలో ఏదో ఒక రాత్రైతే, పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) 1980ల నుంచి ఊరూరా కూడగట్టిన మహిళా సంఘం. సంఘం పెట్టమంటే 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో గొంతు విప్పిన సంఘం రేడియో. ఒకే మనిషి ఈ మూడింటిలోనూ ఉండొచ్చు. పొద్దున ప్రార్థనలో పంట కోసం మొక్కి, రాత్రి మీటింగులో విత్తనాల లెక్క చెప్పొచ్చు. ఈ నేల మీద చర్చి సంవత్సరం ఎలా తిరుగుతుందో తెలియాలంటే ఈ తికమక దగ్గరే మొదలుపెట్టాలి.

ముందు నేల సంగతి. ఎర్రనేల, రాళ్లు, అక్కడక్కడా నల్లరేగడి చేలు. వానకాలం పెసర, మినుము, కంది. యాసంగికి తెల్లజొన్న, శనగ, కుసుమ. నీళ్లున్నచోట చెరకు, అల్లం, ఆలుగడ్డ. 1956 నవంబరు 1 దాకా ఈ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో నిర్ణా సర్కిల్‌ను అటు వదిలి మిగతా జహీరాబాద్ మెదక్‌లో కలిసింది. 2016లో సంగారెడ్డి జిల్లా అయింది. అందుకే ఇక్కడి మాటలో తెలుగు, కన్నడ, ఉర్దూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నడుస్తాయి. చర్చిలోనూ అంతే. పెళ్లి ప్రకటన తెలుగులో చదువుతారు, పెళ్లికూతురి మేనమామ బీదర్ కన్నడలో అభ్యంతరం చెబుతాడు.

ఇక్కడికి వచ్చిన చర్చి పేరు మెథడిస్ట్ ఎపిస్కోపల్. ఎపిస్కోపల్ అన్న మాటకు మూలం గ్రీకులో ఉంది. పైనుంచి చూసుకునేవాడు, అజమాయిషీ చేసేవాడు అని దాని అర్థం. అదే మాట నలిగి నలిగి ఇంగ్లీషులో బిషప్ అయింది. అమెరికాలోని బాల్టిమోర్‌లో 1784 క్రిస్మస్ రోజుల్లో కూడిన సభ, తమది బిషప్పులున్న మెథడిస్టు సంఘమని నిర్ణయించుకుంది. వాళ్ల మిషనరీ విలియం బట్లర్ 1856లో భారతదేశానికి వచ్చాడు. 1870లో వచ్చిన విలియం టేలర్ మిషన్ డబ్బు మీద ఆధారపడకుండా తమ కాళ్ల మీద తాము నిలబడే సంఘాలు కావాలని దక్షిణం దాకా తిరిగాడు. ఆ బాటలోనే నిజాం రాజ్యంలో వికారాబాద్, బీదర్, జహీరాబాద్ వైపు అమెరికా మెథడిస్టుల పని సాగింది.

పొరుగునే మెదక్‌లో కథ వేరు. అక్కడివాళ్లు బ్రిటన్ నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టులు. వాళ్లకు బిషప్పులే లేరు. కరువులో పని కల్పించి, పనికి తిండి పెట్టి చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ మహా చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మెదక్ వాళ్లు అందులో చేరారు. దాంతో వాళ్లకూ బిషప్ వచ్చాడు, పాస్నెట్ చర్చి కెథడ్రల్ అయింది. జహీరాబాద్ వైపున్న అమెరికా మెథడిస్టులు ఆ కలయికకు దూరంగా ఉండిపోయారు. వాళ్ల పేరులోంచి ఎపిస్కోపల్ అన్న మాట 1939లోనే జారిపోయింది. బిషప్ మాత్రం ఉన్నాడు. అంటే పేరు పోయినచోట బిషప్ మిగిలాడు, పేరు లేనిచోటికి బిషప్ వచ్చాడు. పాత మెదక్ జిల్లాలో అరపూట ప్రయాణంలో ఈ రెండు మెథడిజాలనూ చూసి రావచ్చు. 1981 జనవరిలో జహీరాబాద్ వైపు సంఘం భారత మెథడిస్టు చర్చిగా స్వతంత్రమైంది.

పల్లెలో బిషప్ అధికారం అంటే ఏమిటి? వేదాంతం కాదు, బదిలీ. ఏటా జరిగే కాన్ఫరెన్సు చివర బిషప్ నియామకాల జాబితా చదువుతాడు. ఏ పాస్టరు ఏ ఊరికి అన్నది అప్పుడు తేలుతుంది. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ కాలం నాటి పద్ధతి ఇది. బోధకుడు ఒక్కచోట వేళ్లు తన్నకూడదు, గుర్రమెక్కి తిరుగుతూ ఉండాలి. గుర్రం పోయి సైకిలు, సైకిలు పోయి మోటారుసైకిలు వచ్చినా తిరుగుడు తప్పలేదు. ఒక్క పాస్టరు చేతికింద అయిదారు ఊళ్లుంటే ఆదివారం ఉదయం ఒకచోట, మధ్యాహ్నం ఇంకోచోట, రాత్రి మరోచోట ఆరాధన. పల్లెల్లో రాత్రి ఆరాధనలకు ఇంకో కారణం కూడా ఉంది. మొదట ఈ సంఘాల్లోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాల మాదిగ వాడల కూలీలు, జీతగాళ్లు. పటేలు చేనులో పొద్దుగూకిందాకా పని. ఇంటికొచ్చి పొయ్యి రాజేసి, తిన్నాక గానీ దేవుడికి సమయం దొరకదు. గంట కొట్టేది పాస్టరే అయినా, ఎప్పుడు కొట్టాలో చెప్పేది పొలమే.

నన్నడిగితే ఇక్కడి చర్చి క్యాలెండర్ నవంబరుతో మొదలవుతుంది. ఆగమన కాలంతో మొదలవుతుందని పుస్తకం చెబుతుంది గానీ, అంతకు ముందే ధారూర్ జాతర వస్తుంది. వికారాబాద్ దాటాక ధారూర్ దగ్గర, చెట్ల మధ్య, కొన్ని రోజులపాటు సాగే మెథడిస్టు జాతర ఇది. 1920ల్లో మొదలై నూరేళ్లు దాటింది. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో మెథడిస్టులు అడవుల్లో గుడారాలేసి, బండ్లు కట్టుకొచ్చి, రోజుల తరబడి ప్రసంగాలు వినేవారు. దాన్ని క్యాంప్ మీటింగ్ అనేవారు. మనవాళ్లకు దాని పేరు చెప్పి నేర్పాల్సిన అవసరం రాలేదు. బండి కట్టడం, చెట్టుకింద మూడు రాళ్ల పొయ్యి, మొక్కు తీర్చుకోవడం, గాజులమ్మే అంగడి, తప్పిపోయిన పిల్లల కోసం మైకులో కేకలు... ఏడుపాయల జాతరకు పోయినవాళ్లకు, ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి శివరాత్రికి పోయినవాళ్లకు తెలియని విద్య ఏముంది అందులో? వానకాలం పంట ఇంటికి చేరి, కూలిడబ్బులు కొంగున ఉన్న రోజులవి. ఆ నెల ఎంచినవాళ్లు ఎవరోగానీ రైతు లెక్క తెలిసినవాళ్లే.

డిసెంబరులో ఈ ప్రాంతం చలి మామూలుగా ఉండదు. తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదైన చోట్ల జాబితాలో ఇక్కడి కోహీర్ పేరు ఏటా పేపర్లో కనబడుతుంది. ఆ చలిలోనే క్యారల్ రౌండ్స్. ఎనిమిది తొమ్మిది గంటలకు చర్చి దగ్గర కూడి, డోలకు, తాళాలు, ఒక గ్యాస్‌లైటు, ఇప్పుడైతే సెల్‌ఫోన్ లైట్లు పట్టుకుని ఇంటింటికీ పోతారు. ఆఖరి ఇంటికి చేరేసరికి తెల్లారుజాము అవుతుంది. పాడేవాళ్ల గొంతులో పాట సగం, దగ్గు సగం. పాటలకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంది. పందొమ్మిదో శతాబ్దపు పురుషోత్తమ చౌదరి కీర్తనలకు రాగం, తాళం పైన అచ్చేసి మరీ ఉంటాయి. వాడలో ఆ రాగం పేరు ఎవరూ చూడరు. తాత ఎట్లా పాడాడో అదే రాగం. వెదురుబద్దల నక్షత్రం వేపచెట్టు కొమ్మకెక్కుతుంది. పండుగనాడు బగారన్నం, మాంసం.

అదే రోజుల్లో సరిహద్దుకు అవతల బీదర్‌లో ఎళ్ళమావాస్య వస్తుంది. ఎదుగుతున్న జొన్న చేల మధ్య కూర్చుని భూమికి నైవేద్యం పెట్టి బంధువులంతా అక్కడే తినే పండుగ అది. ఇటువైపు ఊళ్లలోనూ చేలకు మొక్కే ఆచారాలున్నాయి. బాప్తిస్మం తీసుకున్న ఇల్లు చేనికి మొక్కదు, కానీ చేలో అన్నం తినడం మానదు. ఆ భోజనానికి ముందు ఒక ప్రార్థన చేరిందంతే. దీన్ని రాజీ అనేవాళ్లు అనొచ్చు. నాకు మాత్రం ఇది బతకనేర్చిన మర్యాదగా కనిపిస్తుంది. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ సర్వీసు మెథడిస్టులకు పాత అలవాటు. కొత్త ఏడు దేవుడితో ఒడంబడిక చేసుకునే ఆరాధనను వెస్లీ 1755లో మొదలుపెట్టాడు. ఇప్పుడు ఏ డినామినేషన్ అయినా ఆ రాత్రి మెలకువగానే ఉంటుంది.

సంక్రాంతికి పాత పంటల జాతర బండ్లు కదులుతాయి. ఎడ్లబండ్ల మీద కుండల్లో విత్తనాలు పెట్టి, డీడీఎస్ మహిళలు నెలరోజుల పాటు ఊరూరా తిప్పుతారు. కొర్ర, సామ, తైదలు, పచ్చజొన్నలను ఊరివాళ్లు కళ్లకద్దుకుని చూస్తారు. చర్చిలో పంటకోత పండుగ కూడా ఊరిని బట్టి, పంటను బట్టి అటూఇటూగా ఈ కాలానికే వస్తుంది. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో మోర్వెన్‌స్టో అనే ఊరి పాదిరి రాబర్ట్ హాకర్ 1843లో తన సంఘాన్ని పంట కృతజ్ఞతకు పిలిచిన దగ్గర్నుంచి ఈ పండుగ పుంజుకుందంటారు. తెలుగునేల మీద దీన్ని పెద్దది చేసినవాడు వి.ఎస్. అజరయ్య. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయి దోర్నకల్‌లో కూర్చున్నాడు. పల్లెజనం ధాన్యం, కోళ్లు, మేకలు తెచ్చి ఊరేగింపుగా అర్పించేలా చేశాడు.

జహీరాబాద్ వైపు పంటపండుగ చూడాలంటే ఆరాధన అయ్యాక మొదలయ్యే వేలం చూడాలి. పొద్దున్నే బలిపీఠం చుట్టూ చెరకుగడలు కట్టి ఉంటాయి. కింద అల్లం కొమ్ములు మట్టితోనే, ఆలుగడ్డ బస్తా మూతి విప్పి. గంపలో జొన్నలు, కాళ్లు కట్టిన కోడిపుంజు, గుమ్మడికాయ, కుసుమ నూనె సీసా, గిన్నెలో అయిదు గుడ్లు. పక్కనే పిడికెడు గింజల సంచి. వండేముందు ఎసట్లోకి పోసే బియ్యంలోంచో జొన్నల్లోంచో ఒక పిడికెడు తీసి దేవుడి పేర విడిగా పెట్టే ఆడవాళ్ల లెక్క అది, కుండ నిండితే సంచిలోకి వస్తుంది. వేలంపాటకు గొంతున్న పెద్దమనిషిని నిలబెడతారు. పది రూపాయల నిమ్మకాయ నూటయాభైకి పోతుంది. ఎందుకంటే అవతలివాడు నూటనలభై అన్నాడు. మామిడిచెట్టు కింద అన్నదమ్ములు ఒకే కోడిపుంజు మీద పంతం పట్టి మూడువేలదాకా లాగారనుకోండి, వాళ్ల గట్టు తగాదా ఇంకా తెగలేదని సంఘమంతటికీ తెలిసిపోతుంది. ఒక ముసలవ్వ తాను తెచ్చిన గుమ్మడికాయను తానే వేలం పాడుకుని కొంగులో కట్టుకుపోతుంది. "మా పెరటి కాయ కదా బిడ్డా, ఇంకొకరి ఇంట్ల ఎట్ల ఉడుకుతది" అంటుంది. కానుకా ముట్టింది, కాయా ఇంటికొచ్చింది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోదుగులు ఆకు రాల్చి ఎర్రగా పూస్తాయి. శ్రమకాలం అప్పుడే. భస్మ బుధవారం నుంచి నలభై రోజులు, ఆదివారాలు కలపకుండా. 2023, 2024, 2025 మూడేళ్లూ రంజాన్ ఉపవాసాలు దీనితో కలిసొచ్చాయి. జహీరాబాద్ బజారులో సాయంత్రం హలీం డేగిశా మూత తీసే వేళకు, ఇటు చర్చిలో బుధవారం కూటానికి గంట కొట్టేవాళ్లు. మట్టల ఆదివారానికి ఖర్జూర మట్టలు ఎక్కడ తెస్తాం? వాగు ఒడ్డు ఈతమట్టలే యెరూషలేము చేస్తాయి. శుభ శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ధ్యానం, రేకుల కప్పు కింద ఎండ కుమ్ముతూ ఉంటుంది. శనివారం సమాధుల దగ్గర గడ్డి కోసి, సున్నం వేసి, ఆదివారం చీకటితో కొవ్వొత్తులు పట్టుకుని అక్కడికే పోతారు. ఎండ ఎక్కేలోపు పునరుత్థానం అయిపోవాలి.

ఇక చిక్కంతా పెంతెకొస్తు దగ్గర వస్తుంది. యూదులకు అది గోధుమకోత పండుగ. ఇక్కడ మే నెలో జూనో, నేల బీటలు వారి ఉంటుంది, గోదాములో గింజ విత్తనానికి మాత్రమే మిగిలి ఉంటుంది. బైబిలులో తొలకరి వర్షం, కడవరి వర్షం అన్న మాటలు వస్తాయి. పాలస్తీనాలో మొదటి వాన అక్టోబరు, నవంబరుల్లో పడి నేలను దున్నకానికి మెత్తబరుస్తుంది. చివరి వాన మార్చి, ఏప్రిల్‌లో పడి గింజ నింపుతుంది. తెలుగు అనువాదకులు తొలకరి అని రాసేసరికి, ఆ వాన ఒక్క మాటతో దసరా వేళ నుంచి జ్యేష్ఠానికి దూకింది. వాళ్లకు వేరే మాట దొరకదు, విత్తేముందు పడే వానకు మనకున్న పేరు అదే. కానీ ఆ మాట చదివిన రైతు యూదయ కొండల్ని తలుచుకోడు. మిరుగు కార్తె తలుచుకుంటాడు.

కొన్ని ఊళ్లలో ఆ ఆదివారం విత్తనాల ప్రార్థన జరుగుతుంది. గిన్నెలో, తువ్వాలు మూటలో, ప్లాస్టిక్ డబ్బాలో కంది, పెసర, పచ్చజొన్న తెచ్చి ముందు వరుసలో పెడతారు. కొత్తగా బదిలీపై వచ్చిన పాస్టరుకు ఏ గింజ ఏదో తెలియకపోతే పిల్లలు నవ్వుతారు. ప్రార్థన అయ్యాక ఆ పిడికెడును విడిగా చల్లరు. ఇంటికి తీసుకుపోయి పెద్ద మూటలో కలిపి, రెండు చేతులతో అటూఇటూ తిప్పుతారు. ఏది చర్చికి పోయొచ్చిన గింజో, ఏది ఇంట్లోనే ఉన్న గింజో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు. మూట గోడకు ఆనించి, అరుగు మీద కూర్చుని, పడమటి మబ్బు వైపు చూస్తారు.